ఎర్ర తలగుడ్డ

ప్రియమైన చెల్లి కెముంతోకి,

ఇక్కడంతా బాగున్నాం. తేయాకు చిగురు బాగానే వస్తోంది, నడుములే రావడం లేదు. కొత్త సంవత్సరం పండక్కి వచ్చిన మీ బావ మకోరి మొన్న సోమవారం మళ్ళీ మీ పూలతోటకి బయలుదేరాడు. మీ షెడ్డు సూపర్‌వైజర్ గారు కదా, ఆయన సంచిలో ఈసారి నాకూ ఒక కానుక ఉంది! ఎర్రటి గుడ్డ. పెళ్ళయ్యాక అడక్కుండా తెచ్చిన మొదటి వస్తువు ఇదే అనుకుంటా. మూలల్లో రెండు కన్నాలుంటే మడిచి కుట్టేశాను. ఎంత ఉతికినా మందు వాసన ఒకటి పోవడం లేదు గానీ, తలకి కట్టుకుని చర్చికి వెళ్తే మా సంఘం ఆడవాళ్ళ చూపంతా నా మీదే. ప్రార్థన ఎవరు విన్నారో దేవుడికే తెలియాలి.

ఇంకో తమాషా. నాలుగు రోజులుగా నా పై రెప్ప ఒకటే అదరడం. పై రెప్ప అదిరితే చుట్టం, కింది రెప్ప అదిరితే ఏడుపు అనేది కదా అమ్మమ్మ. మీ బావ వెళ్ళి వారం కాలేదు, అప్పుడే తిరిగొస్తాడంటావా? పోనీ నువ్వేమైనా వస్తున్నావా?

నీ మీద బెంగతో,
అక్క బొసిబొరి

*

ప్రియమైన అక్కకి,

తలగుడ్డ కట్టుకుని ఊరేగు, నీ టైం. బావ ఇక్కడ మాకు తెచ్చేది తిట్లే.

రెప్ప సంగతి రాశావు, చదివి నవ్వుకున్నాను. నాదీ అదురుతోంది! ఇంత దూరం ఈ నైవాషా పూలతోటకి ఏ చుట్టం వస్తాడా అని మొదట ఎదురుచూశాను. ఎవడూ రాలేదు గానీ అదురు మాత్రం కిందికి దిగింది. ఇప్పుడు భుజం, పిక్కలు. చర్మం కింద పురుగేదో మెదిలినట్టు కండ ఎగురుతుంది. నా గదిలో ఉండే పిల్ల చూసి, "ఇంతమంది చుట్టాలొస్తే ఉగాలి ముద్ద ఎవరు వండుతారే!" అని ఒకటే వేళాకోళం.

ఫిబ్రవరి ప్రేమికుల పండగకి దొరలంతా గులాబీలు కొంటారట. వాళ్ళ ప్రేమకి మా వేళ్ళు కోసుకుపోతున్నాయి. పొద్దుట గులాబీలు పెంచే షెడ్డులోకి వెళ్తే చీకటి పడ్డాకే బయటికి. అలసటేలే, కంగారుపడకు.

నీ చెల్లి,
కెముంతో

*

ప్రియమైన చెల్లీ,

కంగారుపడకు అంటే పడకుండా ఉండటానికి నేనేమైనా రాయినా? నీ ఉత్తరం పట్టుకుని డిస్పెన్సరీ నర్సు క్వంబోకా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రెప్ప అదరడం చాలామందికి ఉండేదేనమ్మా. నిద్ర చాలకో, టీ ఎక్కువయ్యో వస్తుంది, దానంతటదే పోతుంది. వారాల తరబడి పోకపోయినా, ఒళ్ళంతా పాకినా చూపించుకోవాలి. చెయ్యి పట్టు తప్పిందా, కండ తగ్గిందా, అసలు ఆలస్యం చెయ్యకూడదు. మీ చెల్లి పురుగుమందు కొట్టే చోట పనిచేస్తోందంటున్నావు. చెమటలు పట్టి, చొంగ కారి, చూపు మసకబారితే మాత్రం ఆ క్షణమే పరుగెత్తాలి. ఏ మందుల మధ్య ఉంటోందో డాక్టరుకి చెప్పాలి. చెప్పకపోతే ఆయనకేం తెలుస్తుంది?"

విన్నావుగా. నీది రెప్పతో ఆగలేదు. రేపే వెళ్ళు. బావని తోడు తీసుకెళ్ళు, మనవాడు ఉన్నాడన్న ధైర్యంతోనే కదా నిన్నక్కడికి పంపింది.

అక్క

*

ప్రియమైన అక్కకి,

తోట క్లినిక్‌కి వెళ్ళాను. బావ తోడొచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా, నన్నడిగిన ప్రతిదానికీ జవాబు ఆయనే చెప్పాడు. "మా మరదలికి తిండి సయించడం లేదు డాక్టరుగారూ, ఇంటి మీద బెంగ." మందుల మాట నేనెత్తబోతే కాలు తొక్కాడు. విటమిన్ బిళ్ళలిచ్చి పంపించారు.

అక్కా, నీకొక్కదానికే చెబుతున్నాను. మందు కొట్టాక షెడ్డు గుమ్మానికి ఎర్రజెండా కట్టాలి. మందు ఆరిపోయేదాకా అది దించకూడదు, అది ఉన్నంతసేపు ఎవరూ లోపల అడుగుపెట్టకూడదు. ఇక్కడి రూలు అది. కొత్త సంవత్సరం నుంచి మా షెడ్డుకి జెండా లేదు. అడిగితే, "పాతవి చిరిగాయి, కొత్తవొస్తాయి. నువ్వు కొయ్యి" అంటాడు బావ. ఆకుల మీద తడి ఆరకముందే మమ్మల్ని లోపలికి తోలుతున్నాడు. నిన్న కత్తెర నా చేతిలోంచి జారి రెండుసార్లు పడింది. బావతో నువ్వు మాట్లాడు. నీ మాట వింటాడు.

కెముంతో

*

కెముంతోకి,

మీ బావ బస్సు డ్రైవర్‌తో కబురు పంపాడు. నువ్వు పని ఎగ్గొడుతున్నావట, ప్యాకింగ్ దగ్గర ఎవడో కుర్రాడి కోసం తిరుగుతున్నావట, మందలిస్తే జబ్బు నాటకం ఆడుతున్నావట. జెండా మాట అడిగించాను. "జెండా రోజూ ఉంటుంది, దానికి కళ్ళెక్కడున్నాయి?" అన్నాడట.

నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిని బతిమాలి నీకా పని ఇప్పించిన మనిషి మీద నాకే చాడీలు చెబుతావా? అదురు నాకూ ఉంది. నేను తేయాకు కొయ్యడం మానేశానా? బుద్ధిగా పని చేసుకో.

బొసిబొరి

*

బొసిబొరి గారికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రాలేదు. చెయ్యి ఎలాగూ సరిగా రావడం లేదు, అక్షరాలు చూస్తే తెలుస్తుంది.

నీ ఉత్తరం అందిన రోజే, బుద్ధిగా పని చేసుకుంటూ, పూల మధ్య పడిపోయాను. చెమట, చొంగ, వాంతులు, ఒళ్ళంతా ఎగిరెగిరి పడిందట. కంటిపాపలు చుక్కల్లా అయిపోయాయట. తోటివాళ్ళు పూలబండిలో వేసి టౌను ఆస్పత్రికి తెచ్చారు. అక్కడి డాక్టరమ్మ మొదటి ప్రశ్నే, "ఏ మందు కొట్టారు?" అని. సూదుల మీద సూదులు వేసి బతికించింది. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదట.

కార్మిక శాఖ అధికారి వచ్చాడు. నీ మొగుడు నా మంచం పక్కనే నిలబడి చెప్పాడు. "గుమ్మానికి ఎర్రజెండా ఉంది సార్. పిల్ల చదువుకున్నదే. పూల కూలి ఎక్కువ వస్తుందని ఆశపడి తనే దూరింది." తోటివాళ్ళు తలలు దించుకున్నారు, వాళ్ళకీ పిల్లలున్నారు. తప్పు నాదేనని తేలితే పని పోతుంది, వైద్యం ఖర్చూ నా నెత్తినే. మంగళవారం మళ్ళీ విచారణ. నా పక్కన ఎవరూ లేరు.

ఆయన అబద్ధమాడితే అంత బాధ లేదు, పరాయివాడు. నాతో ఒకే దుప్పట్లో పడుకుని పెరిగిన నువ్వు, ఒక్క మాట నన్నడగకుండా నమ్మేశావు. నన్ను పడేసింది మందు ఒక్కటే కాదు. ఇక ఉత్తరాలు రాయకు.

కెముంతో

*

ప్రియమైన నా కెముంతోకి,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదివి, తర్వాత చింపెయ్యి.

నీ ఉత్తరం వచ్చేసరికి బుధవారం ప్రార్థనకని చర్చికి బయలుదేరుతున్నాను. తలకి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే చదివాను. ఎర్రజెండా అన్న చోట ఆగిపోయాను. మీ షెడ్డుకి జెండా లేనిది కొత్త సంవత్సరం నుంచి. ఈ గుడ్డ నా ఇంటికొచ్చింది అప్పుడే. తలమీంచి తీసి, నేను మడిచి కుట్టిన మూలలు విప్పాను. కన్నాలకి ఇత్తడి రింగులున్నాయి, ఒకదానికి ఇంకా తాడు పోగు వేలాడుతోంది. కుట్టేటప్పుడు కూడా చూశానే! మొగుడు తెచ్చాడన్న మురిపెంలో కళ్ళు పనిచెయ్యలేదు.

శనివారం అతను వచ్చాడు. గుడ్డ బల్ల మీద పరిచి అడిగాను. బుకాయించలేదు కూడా. "జెండా ఉంటే కోత ఆగుతుంది, కోత ఆగితే నా ఉద్యోగం పోతుంది. బతికే ఉందిగా! ఇంటి పరువు తీస్తావా?" అన్నాడు. కెముంతో, నిన్ను కాపాడాల్సిన గుడ్డని తెచ్చి కానుకంటూ నా తలకి కట్టాడు. నేనది కట్టుకుని నలుగురిలో మురిసిపోతూ, నిన్ను దొంగని చేశాను. అతను మోసం చేశాడని కుమిలిపోతున్నాను. నేను నీకు చేసింది గుర్తొస్తే అతన్ని తిట్టడానికి నోరు రావడం లేదు.

గుడ్డ తీసేశాక నా రెప్ప అదరడం మానేసింది. దానివల్లో, ఊరికేనో చెప్పలేనంది నర్సు. "అలాంటిది కళ్ళకి అంత దగ్గరగా ఎలా కట్టుకున్నావమ్మా!" అని మాత్రం చీవాట్లు పెట్టి, చేతులు కడిగించి, గుడ్డని ప్లాస్టిక్ సంచిలో కట్టించింది. మంగళవారం దాన్ని ఆ అధికారి ముందు పెడతాను, నా మొగుడు చూస్తుండగానే. మీ తోట గుర్తు కూడా నేను మడిచి కుట్టిన మూలలోనే ముద్రేసి ఉంది. పెళ్ళాం సాక్ష్యం చెబితే ఇల్లు కూలుతుందని అత్తగారు గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. కూలనీ.

నన్ను క్షమించమని అడగను. నీ మంచం పక్కన చోటివ్వకపోతే వరండాలో కూర్చుంటాను. ఈ ఉత్తరం ఈ రాత్రే బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను, రేపు పొద్దుటి బస్సుకి నేనూ బయలుదేరుతున్నాను. ఈలోగా నీ పై రెప్ప మళ్ళీ అదిరితే చుట్టం వస్తోందనుకోకు, వెంటనే నర్సుని పిలువు. నేను ఎలాగూ వస్తున్నాను.

నీ అక్క,
బొసిబొరి