బెల్లం డబ్బాలకు ఈగలు అంటుకొనుట గురించి

చోడవరం.

సంఘాల సరుకు తనిఖీ అధికారి గారి సముఖమునకు, లేబుళ్లకు నీటి గమ్ము తయారుచేయు బొడ్డు ఏబెల్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కల్పవల్లి మహిళా సంఘం వారి బెల్లం పొడి తినుటకు పనికిరాదని తమరు గోడౌను తలుపుకు వేయించిన నోటీసు తీయించుట గురించి.

1. బుచ్చయ్యపేట దారిలోని సదరు సంఘం ఆడవాళ్లు చెరుకు ఆడించి, పాకం కాచి, బెల్లం పొడి చేసి డబ్బాల్లో అమ్ముతున్నారు. డబ్బా మీది లేబులుకు గమ్ము నాది. వెనక కాగితం ఒలిచి నొక్కితే అతుక్కునే రకం. పాలలా ఉండే నీటి గమ్ములో చెట్టు బంక నుంచి తీసిన రెజిన్ కలిపి దీనిని తయారుచేయుదును. రెజిన్ పెంచితే చేతికి అంటు పెరుగును. మరీ పెంచితే గమ్ము మెత్తబడి డబ్బా మీద పట్టు పోవును. అంటు వేరు, పట్టు వేరు. ఇది తమరు మొదటిసారి పరీక్షకు వచ్చిననాడే మనవి చేసుకొనియుంటిని.

2. తమరు లేబులును పరీక్షించిన విధానము: గమ్ము మీద బొటనవేలు నొక్కి పైకెత్తినారు. లేబులు వేలితో పాటు లేవలేదు. "దీనికి అంటే లేదేటయ్యా. ఊడిపోతే గవర్నమెంటు పరువేటవుద్ది" అన్నారు. అయ్యా, అప్పుడే సంఘం వారు పెట్టిన పకోడీలు తిన్న వేలు అది. నూనె వేలికి నా గమ్మే కాదు, ఏ గమ్మూ అంటదు. డబ్బాను ఒక రోజు ఎండలో, ఒక రోజు నీళ్లలో పెట్టి చూడమన్నాను. తమరు చెయ్యి తుడుచుకొనుటకు గుడ్డ అడిగినారు.

3. వేలికి లేబులు అంటుకొని లేచేదాకా సంఘం సరుకుకు అనుమతి లేదని తమరు సెలవిచ్చినారు. సంఘంలో పెద్దావిడ నరసమ్మ గారు నా దగ్గరికొచ్చి, "ఆ బంకేదో ఎక్కువెయ్యి బాబూ. ఆఫీసరు గారితో మనకేల" అన్నారు. రెజిన్ రెట్టింపు వేసేను. తమరు మళ్లీ నొక్కినారు. లేబులు వేలికి వేలాడినది. "ఇదీ గమ్మంటే" అని నాకు షేక్‌హ్యాండిచ్చినారు. ఆ చెయ్యి కిరసనాయిలు పెట్టి కడుక్కున్నాను.

4. వేసవి వచ్చినది. గోడౌనుకు రేకుల కప్పు. మెత్తబడిన గమ్ము లేబులు అంచుల వెంట బయటికి కారినది. బెల్లం వాసనకు ఈగలొస్తాయి. వచ్చినవి వచ్చినట్టే అంటుకున్నాయి. చచ్చినవి కొన్ని, రెక్కలు కొట్టుకుంటున్నవి కొన్ని. వాటి మీద దుమ్ము, కోడి ఈక, ఎవరిదో తలవెంట్రుక. ఒక డబ్బాకి బొద్దింక మీసం ఉంది. మీసమే, బొద్దింక లేదు. అది ఎక్కడికి పోయిందోనని నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. ఇలాంటివి అర్జీలో రాసినందుకు క్షమించాలి.

5. తమరు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, గుమ్మంలోంచే చూసి నోటీసు వేయించినారు. ఒక్క డబ్బా మూత తీయలేదు. లోపలి బెల్లం శుభ్రంగా ఉంది, సీలు సీలులానే ఉంది. కానీ నోటీసు చూసిన జనం దానికి ఈగల బెల్లం అని పేరెట్టేరు. రోలుగుంట కొట్లవాళ్లు ఉన్న సరుకంతా ఆటోలో తిప్పి పంపేరు. మా చర్చి విందుకు పాయసం ఆ బెల్లంతో వండుదామంటే పాస్టరమ్మ గారు, "ఏటి ఏబెల్, ఆ ఈగల బెల్లమా" అని మొహం తిప్పేసుకున్నారు. అసహ్యం నాకూ ఉంది. నాది ఈగల మీద కాదు.

కావున, తమరు గోడౌనుకు దయచేసి, మూతలు తీయించి, బెల్లం మంచిదే, గమ్ము చెడ్డది అని ఊరందరి ముందు నోటితో చెప్పి నోటీసు తీయించవలెను. గమ్ము అలా ఎందుకైందో చెప్పనక్కరలేదు. నా పేరే చెప్పండి. ఇక మీదట లేబులు పరీక్ష వేలితో చేయరాదు. చేయక తప్పకపోతే సబ్బుతో కడిగిన వేలితో చేయవలెను.

ఇంతమాత్రం చిత్తగించి, ఆ ఆడవాళ్ల బెల్లాన్ని బెల్లంగా బతకనియ్యగలరు.

ఇంత రోతలోనూ తమ విధేయుడు,
బొడ్డు ఏబెల్

తా.క.: ఈ అర్జీ మీద సంఘం తరఫున వేలిముద్ర కోసం నిన్న నరసమ్మ గారింటికి వెళ్లేను. టీ ఇచ్చేరు. గానుగ దగ్గర పుట్టి, పొయ్యి దగ్గరే ముసలైపోయిన మనిషి. ఆ ఇంట్లో నేనెప్పుడు తాగినా బెల్లం టీయే. నిన్న పంచదార వేసేరు. కొట్టుకెళ్లి కొనుక్కొచ్చేరట. "బెల్లం నేదేటి" అని అడిగితే, "ఉంది బాబూ. నాకే నోట్లోకి పోతల్నేదు" అని పొయ్యికేసి తిరిగి కూకున్నారు. వేలిముద్ర అడగలేక టీ తాగేసి వచ్చేసేను. తొందరగా రండి సార్.