మిర్చి కాంటా శివరాజ్ గంజాయి మానేసిన వైనం

ఫిబ్రవరి 3, సోమవారం

మా ధర్మాబాద్‌లో కళ్లు ఎర్రగా ఉన్నవాణ్ణి ఎందుకని ఎవరూ అడగరు. మహారాష్ట్ర సరిహద్దులో మిర్చి మార్కెట్ ఉన్న ఊరు. నేను అడత్ (కమీషన్) దుకాణంలో మిర్చి బస్తాలు కాంటా వేస్తాను. కళ్లు ఎర్రబడితే మిర్చి, దగ్గితే మిర్చి, ముక్కు కారితే మిర్చి. ఆరేళ్లుగా గంజాయి తాగుతున్నా మా అమ్మ ఇందుబాయికి చాలాకాలం తెలియలేదంటే ఆ పుణ్యమంతా మిరపకాయదే.

పెళ్లయిన నెలకే కోమల్ కనిపెట్టింది. ఆమెది కర్ఖేలి. వాళ్లది పత్తి చేను, మిర్చి కాదు. ముక్కు బాగా పనిచేస్తుంది.

మొన్న నాందేడ్ సర్కారు దవాఖానలో మాకు పాప పుట్టింది. ఎత్తుకుందామని చేతులు చాపాను. కోమల్ ఇవ్వలేదు.

"గీ చేతులతోని నా బిడ్డను ముట్టకు. మానేసి రా. తొట్టెల నాటికి చూస్త."

తొట్టెల, అంటే పాపను ఉయ్యాల్లో వేసే పండుగ, ఇరవై ఒకటో తారీఖున, కర్ఖేలిలో. కాబట్టి ఈ రోజు నుంచే మానేశాను.

ఒకటి: చిలుము కాలువలో పడేశాను.
రెండు: దత్తుతో మాటల్లేవు. (మా దుకాణంలో హమాలీ. దమ్ముకు నా జోడీ.)
మూడు: సాయంత్రం దమ్ముకని గోదాము వెనక్కి పోను.

మూడు వారాలు కూడా లేవు. ఇదేమంత పని.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఒక రోజు పూర్తి. మానేయడం ఇంత సులువని తెలిస్తే ఇంతకుముందే చాలాసార్లు మానేసేవాణ్ణి.

దుకాణంలో ఇద్దరికి సలహా కూడా ఇచ్చాను. ఒకడికి అసలు ఏ అలవాటూ లేదు. అయినా విన్నాడు.

ఫిబ్రవరి 6, గురువారం

నిద్ర లేదు. ఒళ్లంతా చెమట. జొన్నరొట్టె ముట్టబుద్ధి కావడం లేదు.

ఈ రోజు గొడవలు. పొద్దున కాంటాతో (తప్పు కాంటాదే). మధ్యాహ్నం సేటుతో. సాయంత్రం మా ఇంటి ఫ్యానుతో.

అమ్మ దిష్టి తీసింది. ఎండుమిర్చి నిప్పుల్లో వేస్తే ఘాటు రావాలి, రాకపోతే దిష్టి తగిలినట్టు. మా ఇంట్లో ఎవరికీ మిర్చి ఘాటు తెలిసే దశ ఎప్పుడో దాటిపోయింది. అందుకని మాకు ప్రతిసారీ దిష్టి తగిలినట్టే తేలుతుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

కోమల్ ఫోన్. పాపకు ప్రతీక్ష అని పేరు పెడదామంది. నాకు ఆ పేరు నచ్చింది. అయినా పోట్లాడాను. ఎందుకో నాకే తెలియదు.

"అన్నం తిన్నవా?"

"లేదు."

"నిద్ర పడుతుందా?"

"పడతలేదు. ఏం జేస్తవ్ ఇప్పుడు, అచ్చి జోల పాడ్తవా?"

"మంచిగైంది," అంది. పైగా నవ్వింది.

మొగుడు తిండీ నిద్రా లేక చస్తుంటే మంచిగైందట. ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 13, గురువారం

నిద్ర కాస్త పట్టింది గానీ కలలు. కాంటా మీద పాపను పెట్టి తూస్తున్నాను, ముల్లు కదలడం లేదు. లేచి చాలాసేపు కూర్చున్నాను. భయమేసింది.

పొద్దున అమ్మ పక్కింటి వెంకవ్వతో చెబుతోంది. నేను వింటున్నానని తెలిసి కూడా.

"గంజాయి తాగినప్పుడు మంచిగుండె, నవ్వుకుంట అచ్చేటోడు. గిప్పుడు ఇంకేందో మొదలువెట్టిండు. మనిషి మీదవడి కరుస్తుండు."

పదిరోజులు ఒంటిచేత్తో యుద్ధం చేస్తే నాకు దక్కిన బిరుదు ఇదీ.

ఫిబ్రవరి 16, ఆదివారం

మార్కెట్ బంద్. చేయడానికి పని లేదు. సాయంత్రమైతే ఆ గంట కదలదు.

నేను దత్తుతో మాట్లాడలేదు. దత్తే మాట్లాడాడు. నియమం తప్పలేదు.

"అరే భావూ, మానేసినవట. నిజంగనే మానేసినవా, ఊకెనే అంటున్నవా?"

ఆలోచించాను. ప్రశ్నలో న్యాయం ఉంది. మానేశానో లేదో తెలియాలంటే ఒకసారి తాగి చూడాలి కదా. తాగాక ఇంకోటి కావాలనిపించకపోతే మానేసినట్టు.

పరీక్ష ఫలితం: మానేయలేదని తేలింది. మూడుసార్లు పరీక్షించాం.

ఫిబ్రవరి 17, సోమవారం

ఏడు రొట్టెలు తిన్నాను. మొద్దులా నిద్రపోయాను. సేటు వేసిన పాత జోకుకు అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ కొబ్బరికాయ కొట్టి వాడంతా పంచుతోంది.

"నా కొడుకు ఆ పాడు అలవాటు ఇడిసిండు. మొఖం జూడుండ్రి, ఎట్ల కళకళలాడుతుందో."

అప్పుడే చెప్పేవాణ్ణి. నోట్లో కొబ్బరి ముక్క ఉంది.

ఫిబ్రవరి 19, బుధవారం

సాకులు, వచ్చినవి వచ్చినట్టు రాసి పెడుతున్నా.

ఎటూ మానేస్తాను, కాబట్టి ఇప్పుడు తాగితే లెక్కలోకి రాదు.
అమ్మ సంతోషం పాడుచేయకూడదు.
తొట్టెలకు ఏడుపు ముఖంతో పోతే అత్తగారివాళ్లు ఏమనుకుంటారు.
శివరాత్రి వచ్చే బుధవారం. కాస్త ముందే వచ్చి ఉంటే నేరమంతా దేవుడి మీదికి నెట్టేవాణ్ణి.

ఫిబ్రవరి 21, శుక్రవారం. తొట్టెల.

పొద్దున ధైర్యం కోసం ఒక్కటి. కళ్లలో చుక్కల మందు. కొత్త చొక్కా దొరకలేదు, దుకాణం చొక్కాతోనే పోయాను.

కర్ఖేలిలో నాకు జరిగిన మర్యాద ఏ అల్లుడికీ జరిగి ఉండదు. ముచ్చట్లు చెప్పాను, నవ్వించాను, మూడుసార్లు వడ్డించుకున్నాను. మా అత్త చంద్రభాగ మురిసిపోయింది.

"అల్లుడు గిట్ల కడుపునిండ తినంగ జూసి ఎన్నొద్దులాయె. మనిషి మారిండు." పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

ఇంతేనా మనిషి బరువు? రోజూ బస్తాలు తూచే నాకు ఎలా పట్టుకోవాలో తెలియలేదు. పాప తుమ్మింది.

"మిర్చి ఘాటు," అంది అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కోమల్ నవ్వలేదు. పాపను నా చేతుల్లోంచి తీసుకుంది. అందరూ తినడానికి కూర్చున్నాక దొడ్లోకి పిలిచింది.

"ఎన్నడు మల్ల మొదలువెట్టినవ్?"

"నేనా? అందరు మారిండు అంటుంటే నువ్వు..."

"ఆళ్లకేం ఎరుక? నువ్వు ఫోన్ల నన్ను తిట్టినప్పుడు మానేసినవని సంతోషపడ్డ. పురుడు వోసిన నర్సమ్మను అడిగిన. మానేస్తె ముందుగాల నిద్ర రాదు, అన్నం సయించదు, మస్తు కోపం అస్తది అన్నది. ఇయ్యాల నవ్వుకుంట అచ్చినవ్. గప్పుడే సమజైంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. అంతమందిలో నేను మానేసిన రోజుల్ని గుర్తుపట్టిన మనిషి ఈమె ఒక్కతే. ఆమెనే మోసం చేయబోయాను.

"ఒక్కనివే అయితలేదు గద. సోమవారం నాందేడ్ వోదాం. గాడ డాక్టర్ ఉన్నదట గీ పని కోసమే."

ఫిబ్రవరి 24, సోమవారం

నేను ధర్మాబాద్‌లో, కోమల్ పాపతో కర్ఖేలిలో రైలెక్కాం.

డాక్టరమ్మ తిడుతుందనుకుని జవాబులు తయారు చేసుకుని పోయాను. తిట్టలేదు. జవాబులన్నీ వృథా. మరాఠీలో చెప్పింది, నాకు అర్థమైనంత రాస్తున్నా.

ఆరేళ్లు తాగితే మెదడు దానికి అలవాటు పడింది. నిద్ర, ఆకలి, కుదురు, అన్నీ దాని చేతిలో పెట్టేశాను. ఉన్నట్టుండి ఆపితే అవన్నీ తలకిందులవుతాయి. మొదటి వారం ఎక్కువ, తర్వాత మెల్లగా తగ్గుతుంది. నిద్ర దారికి రావడానికి ఇంకా పట్టొచ్చు. ఇది రోగం, పౌరుషం పరీక్ష కాదు. మింగితే పోయే గోళీ లేదు. వారం వారం వచ్చి మాట్లాడాలి, ఇంట్లోవాళ్లు కూడా తెలుసుకోవాలి. జారితే దాచకుండా వచ్చి చెప్పాలి.

"సాయంత్రం ఆ గంట ఏం చేస్తావు?" అని అడిగింది.

"గోదాము వెనక్కి పోను."

"పోను అనేది పని కాదు. ఏం చేస్తావు?"

ఇది నన్ను ఎవరూ అడగలేదు. "కోమల్‌కు ఫోన్ చేసి పోట్లాడతాను," అన్నాను. డాక్టరమ్మ నిజంగానే రాసుకుంది.

మార్చి 3, సోమవారం

మళ్లీ మొదలు. శివరాత్రి నాడు జారాను. దేవుడి మీదికి నెట్టుదామని చూశాను, కుదరలేదు. మర్నాడు ఫోన్‌లో కోమల్‌కు నేనే చెప్పాను. ఈ రోజు కోమల్‌తో పోయి డాక్టరమ్మకూ చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎక్కడ, ఎవరితో, ఏం జరిగి అని అడిగి, వచ్చే సోమవారం రమ్మంది. అమ్మను కూడా తీసుకురమ్మంది. గురువారం నుంచి ముట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నాందేడ్ స్టేషన్‌లో రైలు ఆలస్యం. నిద్రలేక తల పగిలిపోతోంది. చాయ్‌లో చక్కెర లేదని చాయ్‌వాడితో గొడవ. బెంచీ సగం ఆక్రమించిన సంచీతో గొడవ, దాని యజమాని కనపడక. కోమల్ నన్నే చూస్తూ నవ్వుకుంటోంది.

"ఏంది అట్ల చూస్తున్నవ్? నేను గీడ సస్తుంటే నీకు నవ్వెట్ల అస్తుంది?"

ఆమె పాపను నా ఒళ్లో పెట్టింది.

"ఇగో, పట్టుకో. ఇయ్యాల నువ్వు మంచిగున్నవ్."

ప్రతీక్ష నా చొక్కాకు ముక్కు రాసి తుమ్మింది. ఈసారి చొక్కాకు మిర్చి ఘాటు తప్ప మరే వాసనా లేదు.