అలారం ఆపిన చెయ్యి

జూన్ 3

డయాలిసిస్ వార్డులో ఇవాళ కూడా ఇద్దరమే. ఒక సిస్టర్ మానేసింది, ఇంకొకామె మెటర్నిటీ లీవు. మెషీన్లు మాత్రం అన్నీ నడుస్తున్నాయి. టైలర్ గారికి సూది గుచ్చుతుంటే, "కుట్టు వంకరపోతోందమ్మా, చొక్కా అయితే మొహాన కొట్టేవాళ్లు" అన్నారు. పక్క బెడ్ల వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

జూన్ 19

మా అమ్మాయి స్కూల్లో వేసిన బొమ్మ తెచ్చి చూపించింది. "అంతా బావుంది, కాసేపు కదలకుండా పడుకోండి" అన్నాను. పేషెంట్లతో అనే మాట. అది పడీపడీ నవ్వింది. వాళ్ల నాన్న నవ్వలేదు.

జూలై 2

పొద్దున ఆరు నుంచీ వచ్చిన బస్సును వచ్చినట్టే వదిలేశాను. ఎక్కబుద్ధి కాలేదు. చివరికి ఆటోలో వెళ్లాను.

జూలై 8

టైలర్ గారు పోయారు. ఇంట్లోనే, నిద్రలో. వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి పట్టుకున్నదాన్ని. ఫోన్ పెట్టగానే అనుకున్న మొదటి మాట: హమ్మయ్య, రేపటికి ఒక బెడ్డు తగ్గింది.

జూలై 9

తగ్గలేదు. కొత్తావిడ వచ్చింది. కాలేజీ లెక్చరర్.

జూలై 23

మధ్యాహ్నం లెక్చరర్ గారి మెషీన్ మోగింది. మ్యూట్ నొక్కాను. మళ్లీ మోగింది. మళ్లీ నొక్కాను. స్క్రీన్ వైపు చూడనేలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, నేనక్కడ లేను. సూది ఊడిపోయి దుప్పటి కింద రక్తం కారిపోతోంది. "సిస్టర్, కింద తడిగా ఉందండీ" అంది ఆవిడ మెల్లగా, తప్పు తనదైనట్టు. పెద్ద సిస్టర్ పరుగున వచ్చి నన్ను పక్కకి నెట్టేసి, పంపు ఆపి, ఆవిడ చెయ్యి గట్టిగా అదిమిపట్టింది.

ఆవిడ బతికింది. సాయంత్రం దాకా ఐసీయూలో ఉంచారు.

ఆవిడని ఐసీయూకి పంపగానే పెద్ద సిస్టర్ నన్ను స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్లింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. "ఎప్పట్నుంచే ఇలా?" అంది. తెలీదన్నాను. "నాకు తెలుసే. నెల కిందటే కనిపెట్టాను. నువ్వూ ఇంట్లో కూర్చుంటే వార్డు మూతపడుతుందని నోరు మూసుకున్నాను" అంది. ఆవిడ చేతులకి రక్తం ఇంకా అలాగే ఉంది.

జూలై 24

మేనేజర్ రెండ్రోజులు రెస్ట్ తీసుకుని ఫ్రెష్‌గా రమ్మన్నాడు. డాక్టరమ్మ ఆ మాట కొట్టిపారేసి నెలన్నర లీవు రాసింది. "దీన్ని బర్నౌట్ అంటాం, పని మోసీమోసీ మనిషి లోపల ఖాళీ అయిపోవడం. ఇది నీ బద్ధకం కాదు, నీది రాతిగుండె కూడా కాదు" అంది. రెండోది ఆవిడకెలా తెలిసిందో. టైలర్ గారప్పుడు ఏమనుకున్నానో నేను చెప్పనేలేదు.

ఆగస్టు 6

పడుకున్నాను.

ఆగస్టు 18

వీధి చివరిదాకా నడిచాను. ఆస్పత్రి వైపు తిరిగే మలుపు దగ్గర ఆగిపోయాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన పక్కనే ఉన్నారు. ఇంకో రోడ్డు ఉందిగా అన్నారు. అటే వెళ్లాం.

ఆగస్టు 27

పెద్ద సిస్టర్ ఫోన్. కొత్తవాళ్లని తీసుకున్నారట. మనిషికి నాలుగు బెడ్లకి మించి ఇస్తే తనూ రానని మేనేజర్ ముందు కూర్చుందట. "రమ్మనడానికి చెయ్యలేదే. చెబుదామని చేశాను" అంది. నేను వస్తాననీ అనలేదు. రాననీ అనలేదు.

సెప్టెంబర్ 2

మధ్యాహ్నం నిద్రలో వెక్కివెక్కి ఏడ్చానట. ఆయన లేపకుండా పక్కనే కూర్చున్నారట.

లేచాక, చాన్నాళ్లకి ఆకలేసింది.