మెత్తగా మాట్లాడిన ఆదివారం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉన్నారని మీ ఉత్తరం చూడగానే తెలిసింది. నాలుగు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క విసుగు మాట లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు నాతో ఇంతసేపు తిన్నగా మాట్లాడిన గుర్తు లేదు. చదువుతున్నంతసేపూ ఒళ్ళు మండింది. ఆ సంగతి ముందే చెబుతున్నాను. చివరిదాకా చదవాలో వద్దో మీ ఇష్టం.

అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మందు రాసుకోమంటే "ఈ వయసులో అందంగా నడిచి ఎవరిని మెప్పించాలే" అంటుంది. వంటింటి కిటికీ రెక్క బాగుచేయించావా అని అడిగారు. బాగుచేయించలేదు, సుత్తి పట్టుకుని నేనే చేసుకున్నాను. మీరు "రేపు చూస్తాలే" అన్న పనులన్నీ ఈ ఇంట్లో అయిపోయాయి. మన పిల్ల, ఆ పిడుగు, ఇప్పుడు నా భుజం దాటింది. నాతో మాట్లాడటం లేదు. ఎందుకో తర్వాత రాస్తాను. ఆ తాగుడు మాన్పించే సెంటర్ నుంచి వదిలిపెడితే ఇంటికి రావచ్చా అని కూడా అడిగారు. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను, కానీ చెయ్యి రావడం లేదు.

మీ వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. మిమ్మల్ని మళ్ళీ పనిలో పెట్టుకుంటాడట. పాలిష్ వైపు కాదు, లక్కా స్పిరిట్టూ ఉండే గది గడప కూడా తొక్కనివ్వడట. చిత్రిక పట్టే బల్ల దగ్గర వేస్తాడట. "చేతిలో పనితనం ఉంది చెల్లెమ్మా, అదెక్కడికీ పోదు" అన్నాడు. "పోకపోతే పోనీ అన్నయ్యా, ఆ వాసనైనా పోతే చాలు" అన్నాను. పాపం, టీ సగంలో వదిలేసి లేచాడు. ఆయన్ననడం తప్పే. కానీ ఎన్నేళ్ళు మీరు "అది పాలిష్ వాసనేనే" అని నా ముక్కుకే పాఠాలు చెప్పారు! ఆస్పత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఉతికేదాన్ని. ఏ మరక దేనిదో, ఏ వాసన ఎక్కడిదో నాకు తెలియదనుకున్నారు.

ఇక మీ కౌన్సెలింగ్ మేడమ్. కుటుంబాలను పిలిచి కూర్చోబెట్టిన ప్రతిసారీ ఆవిడది ఒకటే మాట, "ఓపిక పట్టాలమ్మా, మార్పు మెల్లగా వస్తుంది." ఆవిడ మంచిదే, కాదనను. కానీ ఓపిక గురించి నాకా చెప్పేది? వాకిట్లో పడిపోయిన మనిషిని అత్తయ్యా నేనూ చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది ఏమిటి? చుట్టాలొస్తే మీకు జ్వరమని చెప్పింది ఏమిటి? చివరికి మీకు జ్వరాలు ఎక్కువని ఎవరో మంచి డాక్టరు పేరు కూడా చెప్పారు. ఉన్న ఓపికంతా మీరు పాడైపోతుండగానే వాడేశానండీ. మీరు బాగుపడే వేళకు నా దగ్గర అడుగంటిపోయింది.

ఆ ఆదివారం సంగతికి వస్తాను. "ఆ రోజు నేనేం తప్పు చేశాను?" అని రాశారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. అందులోనైనా కాస్త కోపం ఉంది.

మీరు ఒక పూట సెలవు మీద ఇంటికొచ్చారు. వాకిట్లో చెప్పులు పక్కపక్కన సర్దిపెట్టారు. చొక్కా విప్పి మడతపెట్టి కుర్చీ మీద ఉంచారు. "అందరూ భోంచేశారా?" అని మెత్తగా అడిగారు. అంతే. అత్తయ్య బల్ల మీది గాజు గ్లాసులు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పిడుగు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఎదురింటికి పోయింది. ఒకరికొకరం సైగ కూడా చేసుకోలేదు. మీరు అర్థంకాక గుడ్లప్పగించి చూశారు.

మిమ్మల్ని మీరెప్పుడూ చూసుకోలేదు కదా, మీకెలా తెలుస్తుంది? మామూలుగా ఉన్న రోజున మీరు చెప్పులు ఎటుపడితే అటు విసిరేసి, కూరలో ఉప్పెక్కువైందని అరిచే మనిషి. తాగినప్పుడే మర్యాదస్తులు. తూలడం లేదని మాకు చూపించడానికి చెప్పులు సర్దేవారు, చొక్కా మడతపెట్టేవారు, "భోంచేశావా తల్లీ" అని పిల్ల తల నిమిరేవారు. ఆ మెత్తదనం అయ్యాక ఏం పగులుతుందో మాకు తెలుసు. మీ సెంటర్లో శుభ్రతా మర్యాదా నేర్పారట. నేర్పేముందు మమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది.

"తాగి వచ్చారు. వచ్చిన దారినే వెళ్ళండి" అన్నాను. "నేను తాగలేదే" అన్నారు మీరు, గొంతు పెంచకుండా. పెంచి ఉంటే అత్తయ్యయినా నమ్మేదేమో. మళ్ళీ చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఇప్పటిదాకా రాయకుండా తప్పించుకుంటున్న మాట ఇది. మీరు తాగలేదని నాకు తెలుసు. మీ చేతిలో సంచీ అందుకునే వంకతో దగ్గరికొచ్చి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. తెలిసే పంపించాను. ఆ మెత్తని గొంతు తాగకుండా కూడా మీకు వస్తుందని ఆ క్షణంలోనే తెలిసింది. అంటే ఇన్నేళ్ళూ అది మీ దగ్గరే ఉంది, మాకు ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. భగ్గుమంది నాకు. పాడైన మిమ్మల్ని చూసినప్పుడు కూడా అంత అసహ్యం వేయలేదు. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం.

మొన్న నేను ఇస్త్రీ చేస్తుంటే పిడుగు వచ్చి, "నాన్న మళ్ళీ మొదటికొచ్చాడు కదమ్మా, ఇంక నాకు ఉత్తరాలు రాయొద్దని చెప్పెయ్" అంది. ఏడవలేదు కూడా. నా ఒక్క మాట నమ్మి అది తండ్రిని వదులుకుంటోంది. ఇక దాచలేకపోయాను, ఉన్నదున్నట్టు చెప్పేశాను. నన్ను ఎగాదిగా చూసి, "నాన్న అబద్ధం ఆడితే నువ్వు ఏడ్చేదానివి. నువ్వు ఆడితే నేనేం చెయ్యాలి?" అంది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. నేను ఎదురుగా ఉన్నా, ఏం కావాలన్నా నానమ్మతో చెప్పిస్తోంది.

కాబట్టి వచ్చే ఆదివారం దాన్ని మీ సెంటర్‌కి తీసుకొస్తాను. లోపలికి పంపుతాను. దాంతో ఏం మాట్లాడాలో నేను చెప్పను. తప్పంతా అమ్మదే అని చెప్పుకోండి, పడతాను. నేను మాత్రం గేటు బయటే కూర్చుంటాను. బయటికొచ్చి పిలవకండి. ఇంటికి రావచ్చా అన్న ప్రశ్నకు ఇవాళ నా దగ్గర జవాబు లేదు. మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పటికి క్షమిస్తానో నాకే తెలియదు.

మీరు మెల్లగా మారతారు, ఓపిక పట్టమని అందరూ నాకు చెప్పారు. నేనూ మెల్లగానే మారతాను. ఆ మాట మీకు చెప్పేవాళ్ళెవరూ లేరు, అందుకే నేనే చెబుతున్నాను. ఓపిక పట్టండి.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ ఇంటావిడ