నీళ్లు 39, చేపలు సున్నా

ఫిబ్రవరి 11, ఉదయం
నీళ్లు 39 డిగ్రీల ఫారెన్‌హీట్, మంచు కంటే కాస్త నయం. డెల్మర్‌కి తొమ్మిది చేపలు. నాకు సున్నా.

ముప్పై ఏళ్లుగా ఇదే రిజర్వాయర్, ఇదే పడవ, వెనక సీట్లో ఇదే డెల్మర్. ఇంత చలిలో బాస్ జాతి చేప ఎగబడి కరవదు. చిన్న గాలం, వెంట్రుకంత దారం, అడుగున రాళ్ల మీద మెల్లగా లాక్కుంటూ రావాలి. కరిస్తే దారం మీదున్న వేలికి టిక్‌మని తెలుస్తుంది. అంతే. ఆ టిక్ కోసమే బతికాను అంటే మా ఆవిడ నాడీన్ బాధపడుతుంది గానీ, నిజం.

ఐదో కీమో అయ్యాక వేళ్లు మొద్దుబారాయి. డెల్మర్‌కి చెప్పలేదు. ఒరేయ్ హాలిస్, గాలం కట్టావా, ఉత్త దారమే వేశావా అని నవ్వాడు.

మార్చి 26
ఎనిమిదో కీమో. ఫ్రిజ్‌లోంచి పాల డబ్బా తీస్తే ఆ చల్లదనానికి వేళ్లకి షాక్ కొట్టినట్టయింది. డబ్బా వదిలేశాను, పాలన్నీ నేల మీద. నాడీన్ తుడిచి, నా చొక్కా గుండీలు పెట్టింది. నలభై ఒక్కేళ్ల కాపురంలో నా గుండీలు ఎప్పుడూ పెట్టలేదు.

ఏప్రిల్ 9
ఇంకా నాలుగున్నాయి అంది డాక్టరమ్మ. ఇలాగే సాగితే వేళ్లు ఇక బాగుపడకపోవచ్చట. ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చట. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కిటికీ బయట చెట్లన్నీ గులాబీ రంగు పూలు. నీళ్లు వేడెక్కుతున్నాయి, చేపలు ఒడ్డుకొస్తుంటాయి. నా మనసంతా అక్కడే ఉంది.

ఆపేయండి అన్నాను. ఎందుకండీ అని అడిగింది. చేపల కోసమంటే నవ్వుతుందని, ఓపిక లేదన్నాను.

నన్ను ఆసుపత్రికి తీసుకొచ్చిన డెల్మర్‌కి కార్లో నిజం చెప్పాను. నీకు మతి పోయిందిరా, నాడీన్‌కి ఏం చెబుతావ్ అని అరిచాడు. నోరు మూసుకో, నేను చెప్పుకుంటాలే అన్నాను.

ఇంటికెళ్లి నాడీన్‌తో మాత్రం, ఎనిమిది చాలంది డాక్టరమ్మ అని చెప్పాను. నాడీన్ నన్ను పట్టుకుని ఏడ్చింది. చెర్రీ పళ్లు నింపి తీపి ‘పై’ కాల్చింది. రెండు ముక్కలు తిన్నాను.

ఏప్రిల్ 10
చెర్రీ ‘పై’ ఇంకా సగం ఉంది.

మే 21
నీళ్లు 67. డెల్మర్‌కి నలభై ఆరు. ఒక్కో చేపకి లెక్క మిషన్ టక్కుమని నొక్కుతాడు. ఇవాళ నాకు వినపడకుండా జేబులో పెట్టి నొక్కుతున్నాడు వెధవ. నాకు మూడు. మూడూ వాటంతటవే తగులుకున్నాయి, నా గొప్పేం లేదు.

మొద్దుబారడం అరచేతికి పాకింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు అంది: ఆపాక కూడా కొన్ని నెలలు ముదురుతుందండీ, డాక్టర్‌గారు ఆ రోజే చెప్పారు కదా. చెప్పే ఉంటుంది. అప్పుడు నేను కిటికీలోంచి పూలు చూస్తున్నాను.

జులై 16, తెల్లవారుజాము
ఇరవై అడుగుల లోతులో, మునిగిపోయిన పాత రోడ్డు అంచున. ఎప్పుడు కరిచిందో తెలియలేదు. పైకి లాగితే గాలం కడుపులోకి పోయి ఉంది. టిక్ తెలిసినవాడికి చేప పెదవి దగ్గరే దొరుకుతుంది. కొత్తవాళ్లు చంపుతారు ఇలా.

మేం చంపం. ముప్పై ఏళ్లలో పట్టినవన్నీ వదిలేశాం. దీన్నీ వదిలాను. వెల్లకిలా తేలి, పడవ చుట్టూ తిరిగింది. డెల్మర్ ఒక్క జోకైనా వేస్తే బాగుండేది. ఇంజన్ స్టార్ట్ చేశాడు.

జులై 23
వెళ్లలేదు.

అక్టోబర్ 7
స్కాన్ రిజల్ట్. కాలేయం మీద మచ్చలు. నాడీన్ పక్కనే కూర్చుంది. ఎనిమిదితో చాలన్నారు కదా డాక్టర్‌గారూ అని అడిగింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆయనే ఆపమన్నారండీ అంది.

ఇంటికొచ్చి నాడీన్ బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది. తిట్టవే అన్నాను. తిట్టలేదు.

నవంబర్ 12
ఇవాళ అడిగింది. చేపల కోసమేనా అని. అవునన్నాను. దొరికాయా అంది. వేళ్లకి స్పర్శ ఇంకా రాలేదన్నాను. అంటే ఊరికేనే అన్నమాట అంది. అరుపు కాదు, ఏడుపు కాదు, మామూలుగానే అంది. అవును, ఊరికేనే. ఎవరికి చెప్పుకోను ఇది? నా చేతులతో నేనే చేసుకున్నాను.

డిసెంబర్ 10
నేను నాడీన్‌ని. ఇతని చేతిలో పెన్ను ఆగడం లేదు, నన్ను రాయమన్నాడు. నీళ్లు 44. డెల్మర్ మా ఇద్దర్నీ తీసుకెళ్లాడు. ఇతనికి దుప్పటి కప్పి కూర్చోబెట్టి, గాలం నేను పట్టుకున్నాను. దారం మీద వేలు ఎలా పెట్టాలో చెప్పాడు. నాకు ఒకటి. ఇతనికి సున్నా.

టిక్ తెలిసిందా, తెలిసిందా అని అడిగాడు. తెలిసిందన్నాను.

ఇంతేనా అనిపించింది. ఆ మాట చెప్పలేదు.