నాలుగంగుళాల సున్నం గీత

సెప్టెంబరు 27, 1981

ఒరే వెర్లిన్,

బతికే ఉన్నావా? ఉంటే ఇది విను. చదివి వినిపించేది మీ చెల్లెలు ఆర్డిత్ కదా, నా రాత కోడి గీకినట్టుందని తిట్టొద్దని చెప్పు. ఆరో తరగతిలో బడి మాని నాగలి పట్టినవాడి చేతిరాత ఇంతకంటే బాగుండదు.

ఊపిరి ఆడాలంటే ఎడారి గాలి కావాలని డాక్టరు చెప్పాడని నువ్వు పోయి నాలుగు నెలలైంది. నువ్వు లేవని తెలిసీ శనివారం పొద్దున మీ ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టాను. అలవాటు. ఎవరూ చూడలేదు.

నువ్వు పోయాక, ఇన్నేళ్లూ నువ్వు పట్టిన క్లిప్పు నా చేతికొచ్చింది. ఆర్డిత్‌కి అర్థం కావాలి గనక రాస్తున్నా, నువ్వు నోరు మూసుకుని విను. మన ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు. వాటిలో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. మన ఊరి కాలేజీ ఆటల్లో ఆ పది గజాలు కొలిచే గొలుసు మోసేది మేమే. రెండు చివరలా రెండు కర్రలు. మైదానం మీద ఐదు గజాలకొక సున్నం గీత ఉంటుంది. గొలుసు ఆ గీతని దాటిన చోట, గీతకి సరిగ్గా వెనకంచు మీద క్లిప్పు బిగిస్తాం. అనుమానం వస్తే గొలుసు మైదానం మధ్యకి మోసుకెళ్లి, క్లిప్పు మళ్లీ అదే అంచు మీద ఆనించి కొలుస్తారు. గీత వెడల్పు నాలుగంగుళాలు. అంచు మారితే కొలత మారుతుంది.

మా ఒంటికి తెల్ల చొక్కా. నిలబడేది అవతలి జట్టు వైపు. చప్పట్లు లేవు, కేకలు లేవు. ముప్పై ఒక్క ఏళ్లలో నా నోట్లోంచి ఒక్క అరుపు రాలేదు. మా ఆవిడ లవోన్ ఉన్నన్నాళ్లూ ఎదుటి మెట్ల మీద కూర్చుని నా వంతు కూడా తనే అరిచేది. ఆవిడ పోయి రెండేళ్లు. ఇప్పుడు నువ్వూ లేవు. ఇంట్లో రేడియోతో మాట్లాడుతున్నా. అది నా మాట వినదు, అచ్చం నీలాగే.

నాలుగు ఆటలాడాం, నాలుగూ గెలిచాం. నువ్వు గుర్రపు జీను కొక్కెంతో చేసిన ఇత్తడి క్లిప్పే వాడుతున్నా. ఒక్క వేలు కూడా ఎవరికీ ఎక్కువివ్వలేదు.

గొలుసు మోస్తున్న
ఓరిన్


నవంబరు 16

ఒరే వెర్లిన్,

మనం చాంపియన్లం!

శనివారం బార్లో ఊరి కాలేజీతో ఆఖరి ఆట. రెండు జట్లూ అప్పటిదాకా ఓడలేదు. గెలిచినవాడిదే కప్పు. మొక్కజొన్న కోతలు ఆపి మరీ వచ్చారు జనం. రెండు నిమిషాలుందనగా మనవాళ్లు పద్నాలుగు, వాళ్లు పది. బంతి వాళ్లది, నాలుగో ప్రయత్నం. వాళ్ల ఎర్రజుట్టు కుర్రాడు గుంపులోకి తలపెట్టి దూరాడు. లేచేసరికి ఎవరికీ తెలియలేదు, దాటాడా లేదా అని. గొలుసు లోపలికి పిలిచారు. కొలిచారు. ముందు కర్రకి రెండు వేళ్లు తక్కువ పడింది బంతి.

అంతే, ఊరంతా మైదానం మీద పడింది. నన్ను కూడా ఎత్తార్రా! డెబ్భై మూడేళ్లవాణ్ణి, మొక్కజొన్న బస్తాలా భుజాల మీద వేసుకున్నారు. కింద నుంచి ఎవడో, "ఓరిన్ తాతా, ఈసారైనా అరువయ్యా!" అన్నాడు. అరిచాను. ముప్పై ఒక్క ఏళ్ల కేక ఒక్కసారే వచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

కాలేజీలో అందరికీ విందు పెట్టారు. మాంసం, చిక్కుడు గింజలు వేసిన చిల్లీ కూర, పక్కన దాల్చినచెక్క రొట్టెలు. మెరూన్ రంగు కోటిచ్చారు, గుండె మీద నా పేరు కుట్టారు. నాకు రంగు కోటు అది మొదటిది. అందరూ నా బల్ల దగ్గరికే వచ్చారు.

ఇంకా చాలా రాయాలనుకున్నాను. ఇవాళ రాయలేను. ఆదివారం చర్చికి పోలేదు. ఒంట్లో బాగానే ఉంది.

ఓరిన్


డిసెంబరు 9

వెర్లిన్,

నీ జవాబు వచ్చింది. "రెండు వేళ్లేనా? ఏ అంచురా ముసలోడా?" అని రాయించావు. వేళాకోళానికే అన్నావు, తెలుసు. మూడు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను.

మర్చిపోయానని రాద్దామనుకున్నా. చూపు ఆనలేదని రాద్దామనుకున్నా. రెండూ అబద్ధాలే.

క్లిప్పు ఎప్పట్లాగే వెనకంచు మీద బిగించాను. ఆ రోజు వచ్చిన రిఫరీ కొత్తవాడు. క్లిప్పు చేతపట్టుకుని గీత దగ్గర వంగి, "ఏ అంచు, పెద్దాయనా?" అనడిగాడు. ఎదురుగా నాలుగు వేల మంది మా వైపే చూస్తున్నారు. లవోన్ కూర్చునే మెట్టు మీద ఎవరో కూర్చున్నారు. ఊరంతా అటు, నేనొక్కణ్ణే ఇటు. ఒక్కసారి ఆ ఊళ్లో ఒకణ్ణి కావాలనిపించింది. "ముందంచు" అన్నాను. గొలుసు నాలుగంగుళాలు ముందుకు జరిగింది. ఆ ఎర్రజుట్టు కుర్రాడు నిజానికి దాటాడు.

కప్పు కోసం కాదురా. కోటు కోసం కాదు. ఒక్క కేక కోసం. ఆ కేక వేసినప్పటి నుంచీ ఎవరి మొహం చూసినా నేను ఇంకా దూరంగానే ఉన్నాను.

మన కోచ్‌కి చెప్పాను. తలుపేసి అడిగాడు, "ఇంకెవరికి చెప్పావు?"

"నీకే."

"అయితే ఇక్కడితో ఆపు. ఫలితం మార్చే రూలు లేదు. ఈ కుర్రాళ్లు ఆగస్టు ఎండలో వాంతులు చేసుకుంటూ పరిగెత్తారు. నీ మనశ్శాంతి కోసం వాళ్ల మొహాన మసి పూస్తావా?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఎక్కువ కోసింది. కోటు విప్పి అతని బల్ల మీద పెట్టి వచ్చాను. అయినా నోరు ఆగలేదు, కాఫీ హోటల్లో చెప్పేశాను. ఇనుప సామాన్ల షాపు మెర్ల్, "లవోన్ పోయిన దగ్గర్నుంచీ వీడికి మతి సరిగ్గా లేదు" అన్నాడు. నాతో కాదు, పక్కవాడితో. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని వేరే బల్లకి పోయారు. ఇప్పుడు నా బల్ల మీద నేనూ, ఉప్పుడబ్బా.

మంచు కరిగి దారి తెరుచుకోగానే బార్లో ఊరికి పోతా. వాళ్ల కోచ్ హాస్ ఎదురుగా నిలబడి చెప్తా. కొడితే కొట్టనీ. నువ్వు కూడా నాకు ఉత్తరాలు మానేస్తే ఏమీ అనను.

ఓరిన్


జనవరి 31

ఒరే వెర్లిన్,

ఉత్తరం మానలేదు నువ్వు. "పోయి చెప్పు, స్వెట్టరేసుకుని పో" అని రాయించావు. అది వందసార్లు చదివాను.

పోయాను. మంచు కరిగేదాకా ఆగకుండా నూట నలభై మైళ్లు, తెల్ల చొక్కా వేసుకుని, దాని మీద నువ్వు చెప్పిన స్వెట్టరేసుకుని. హాస్ జిమ్ కింద చిన్న గదిలో రొట్టె తింటున్నాడు. మనంత ముసలాడు, మనకంటే లావు. కూర్చోమనకుండానే చెప్పేశాను.

నమలడం ఆపాడు. "తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నువ్వు క్లిప్పు బిగించేటప్పుడు నీ వెనక రెండడుగుల్లో ఉన్నా. వెనకంచు మీదే బిగించావు."

"మరి ఎందుకు అరవలేదయ్యా?"

"అరుద్దామని నోరు తెరిచా. అప్పుడు నువ్వు ముందంచన్నావు. ఇరవై ఏళ్లుగా మీ ఊరొస్తున్నా. అక్కడ గొలుసు దగ్గరి ముసలాళ్లు అబద్ధమాడరని మా కుర్రాళ్లకి చెప్పి తీసుకొస్తా. అందుకని నా కళ్లే తప్పు చూశాయనుకున్నా."

వెర్లిన్, అతను కొట్టి ఉంటే బాగుండేది. ముసలాళ్లు అన్నాడు చూడు, బహువచనం. నీ పేరు కూడా అందులో ఉంది. నిన్నే క్షమాపణ అడగాలని అప్పుడు తెలిసింది. అడుగుతున్నా.

టోపీ తీసుకుని లేచాను. హాస్ రొట్టెలో సగం తుంచి నా వైపు జరిపాడు.

"నాలుగంగుళాల కోసం ఇంత మంచులో ఇంత దూరం ఎవడొస్తాడు? మా గొలుసువాడొకడు పోయిన నెల చచ్చిపోయాడు. సెప్టెంబరులో వస్తావా?"

"ఓడిపోయే జట్టు దగ్గర నేను చేయను."

"మేం ఓడలేదుగా," అన్నాడు, నవ్వకుండా. తన సగం రొట్టె కొరికి, "క్లిప్పు మాత్రం నీకివ్వను" అన్నాడు.

"ఇచ్చినా పట్టను. వెనక కర్ర ఇవ్వు" అన్నాను.

రొట్టె తిన్నాను. ఆవాల ముద్ద మరీ ఎక్కువేశాడు. ఆ మాట కూడా చెప్పాను.

మన ఊళ్లో నా బల్ల దగ్గర ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. కూర్చోకపోనీ. ఇత్తడి క్లిప్పు ఈ కవర్లోనే పెట్టాను. నువ్వు చేసింది, నీ దగ్గరే ఉండాలి. ఆర్డిత్, అది వాడి చేతిలో పెట్టమ్మా.

బార్లోలో కూడా చొక్కాలు తెల్లవేనట. అక్కడ కూడా అరవకూడదు. అది నాకు చేతనైన పనే.

వెనక కర్ర పట్టే
ఓరిన్