నెత్తళ్ళు ఎండాయి

14 నవంబర్ 1999, ఆదివారం

ఎస్టీడీ బూత్‌కి అంజి అన్నయ్య ఫోన్. వాళ్ళ ఆర్మీ యూనిట్ యూఎన్ మిషన్ మీద ఆఫ్రికా వెళ్తోందట. ఇష్టమున్నవాళ్ళు పేర్లివ్వాలి. జీతం ఇక్కడ పడుతూనే ఉంటుంది, అలవెన్స్ వేరు, అది డాలర్లలో. ఏడాది ఉండొస్తే నాన్న కూలికెళ్తున్న బోటులో వాటా కొనొచ్చు, నీ ఎమ్మే కూడా అయిపోతుంది అన్నాడు. అమ్మనడిగి వచ్చే ఆదివారం చెప్పమన్నాడు.

ఎమ్మే అన్నాక నాకింకేమీ వినబడలేదు.

20 నవంబర్

పేరు ఇవ్వమని అమ్మ అనలేదు, వద్దనీ అనలేదు. గోనెపట్టా మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తూ, ఎండాయి, వచ్చి తిని పొమ్మను అంది.

మా గిలకలదిండిలో వేటకి బయల్దేరేవాణ్ణి వద్దనకూడదు. గాలి బాగోలేని రోజు తాతయ్యని ఆపాలంటే అమ్మమ్మ అనే మాట ఇదే. తాతయ్య భుజం మీంచి వల దింపేసి కూర్చునేవాడు.

అన్నయ్యకి తెలుసు. నాకూ తెలుసు.

21 నవంబర్, సాయంత్రం

అమ్మ ఏమంది అన్నాడు అన్నయ్య ఫోన్లో. ఏమీ అనలేదు అన్నాను. ఇంకేమీ అనలేదా అని మళ్ళీ అడిగాడు. లేదన్నాను.

22 నవంబర్

చెప్పావా అని అమ్మ అడిగింది. చెప్పానన్నాను.

9 జనవరి 2000

అన్నయ్య వెళ్ళిపోయాడు. నా మాట కన్నా డాలర్లే రుచిగా ఉన్నాయి కాబోలు వాడికి అంది అమ్మ. వాడి పేరెత్తడం లేదు. నెత్తళ్ళు ముట్టడం లేదు.

12 మార్చి

పున్నారావు మావయ్య వీధిలో అందరి ముందూ, మీ అంజి మంచి వలే వేశాడు, మాకు పీతలు కూడా పడట్లేదు అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా. వైజాగ్ నుంచి ఎమ్మే అప్లికేషన్ ఫారం వచ్చింది.

8 మే

పేపర్లో సియెర్రా లియోన్. రెబెల్స్ మనవాళ్ళ క్యాంపుని చుట్టుముట్టారు. అన్నయ్య ఉన్న క్యాంపే. నాన్న వేటకి వెళ్ళలేదు. అమ్మ నన్ను మళ్ళీ మళ్ళీ చదవమంది.

పోయిన వారమే అలవెన్స్ డబ్బు వచ్చింది. నా ఎంట్రన్స్ ఫీజు అందులోదే.

2 జూన్

నేను చదివిన కాన్వెంట్‌లో కన్ఫెషన్, చేసిన తప్పు ఫాదర్‌కి చెప్పుకోడం, క్రిస్టియన్ పిల్లలకే ఉండేది. మిగతావాళ్ళం తలుపు బయట నిలబడేవాళ్ళం. లోపల ఏం చెబుతారో అని తెగ ఊహించేదాన్ని.

25 జూన్

సీటొచ్చింది.

ఇంట్లో చెప్పలేదు.

19 జూలై

బయటపడ్డారు. బూత్‌కి ఫోన్ చేశాడు. నాతో వచ్చిన అమ్మ తలుపు బయట ఉంది.

హలో అనకుండానే, అన్నయ్యా నెత్తళ్ళు ఎండాయి అన్నాను. నవ్వాడు. అమ్మ ఎప్పుడంది అన్నాడు.

నవంబర్లో, అన్నాను.

అవతల వాన చప్పుడు. అమ్మకివ్వు అన్నాడు.

ఇచ్చాను. బూత్ తలుపు మూసి బయట నిలబడ్డాను.